తూర్పు లేని ఇల్లు

ఆ ఇంటికి తూర్పు లేదు. అంటే సూర్యుడు రాడని కాదు. వస్తాడు, కాకపోతే ఏ కిటికీలోంచి రావాలో ఆయనకే తెలియదు. ఒకరోజు వంటింటి కిటికీలోంచి తొంగిచూసి పొయ్యి మీది పాలగిన్నెను పలకరిస్తాడు. మర్నాడు పడగ్గది కిటికీలోంచి దూరి ఇంటాయన ముక్కు మీద కూర్చుంటాడు. మధ్యలో ఒక ఓడ వెళ్ళి ఉంటుంది, అంతే.

ఇల్లున్నది ఏటి నడుమ, వంతెన మీద. ఏరు బాగా వెడల్పు. నడిమధ్యన ఒక బండరాతి స్తంభం, దాని మీద గుండ్రంగా తిరిగే వంతెన. ఓడ కూత వినబడగానే వంతెన రెండు గట్లనూ వదిలేసి, మెల్లగా తిరిగి, ఏటి పొడవునా పడుకుంటుంది. ఓడ పక్కనుంచి వెళ్ళిపోయాక మళ్ళీ తిరిగి గట్లను కలుపుతుంది. ఆ వంతెన నడుమ, రోడ్డుకు పైన, నాలుగు ఇనుపకాళ్ళ మీద రైలు పెట్టెలాంటి సన్నటి ఇల్లు. కింద బళ్ళూ మనుషులూ పోతుంటారు, పైన వీళ్ళు కాపురం చేసుకుంటుంటారు.

వీళ్ళంటే ఇద్దరే, వంతెన తిప్పే ఆయన, ఆయన భార్య. ఊళ్ళో ఆవిణ్ణి అందరూ వంతెనమ్మ అంటారు. పిల్లలు లేరు. ఇల్లు రెండు గదులు, ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో పొయ్యి, వంతెనమ్మ మంచం. వెనక గదిలో ఆయన మంచం. పెళ్ళయిన కొత్తలో ఒకే మంచం ఉండేది గానీ, తర్వాత ఆయన గురక ఓడకూతతో పోటీ పడటం మొదలుపెట్టింది. ఏది ఓడో ఏది మొగుడో తెలియక వంతెనమ్మ నిద్రలో లేచి పరిగెత్తేది. దాంతో మంచాలు వేరయ్యాయి. తిరిగే ఇల్లు కదా, సామాను జారకుండా అన్నిటినీ నేలకు బిగించారు. రెండు మంచాలూ ఒకే గోడ పక్కన, ఒకే వరసలో ఉంటాయి. ఎదుటి గోడంతా మెట్లు, నీళ్ళతొట్టి, గిన్నెల బల్ల.

వంతెనను తిప్పేది యంత్రం కాదు, ఈ మొగుడూ పెళ్ళాలే. రోడ్డు నడుమ ఒక ఇనుప గుంజ, దానికి అడ్డంగా పొడుగాటి కమ్మీ. కమ్మీకి చెరోపక్కా చెయ్యి వేసి తోసుకుంటూ గానుగెద్దుల్లా చుట్టూ తిరగాలి. కింద పళ్ళచక్రం మూలుగుతుంది, వంతెన కదులుతుంది. కోడలిగా వచ్చిన రోజే వంతెనమ్మకు ఆ పని నేర్పినవాడు మామగారు. ఆయన మితభాషి. బతికినన్నాళ్ళూ కోడలికి చెప్పిన నీతి ఒక్కటే.

"ఎప్పుడూ కుడిచేతి వాటంగానే తిప్పాలమ్మా. వెనక్కి తిప్పావంటే చక్రం పళ్ళు ఊడి చేతిలోకొస్తాయి. మా నాన్న చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాన్న చెప్పాడు."

కాబట్టి తెరవడానికీ కుడికే, మూయడానికీ కుడికే. ఓడ వెళ్ళిన ప్రతిసారీ ఇల్లు ఇటుది అటయ్యేది. ఊరి గట్టు వైపున్న వంటిల్లు అవతలి గట్టుకు పోయేది, పడగ్గది ఊరి వైపు వచ్చేది. ఆ ఇంట్లో నిద్ర కూడా వేరే తీరుగా ఉండేది. కళ్ళు మూసుకుంటే గట్లు రెండూ మెల్లగా నడిచిపోతున్నట్టు, దీపాలూ చెట్లూ మేడలూ వరసగా వచ్చి కిటికీలో తల పెట్టి "ఉన్నారా?" అని అడిగి వెళ్తున్నట్టు ఉండేది. లేచాక ఏది కలో ఏది నిజమో వంతెనమ్మ పట్టించుకునేది కాదు. రెండూ ఒకలాగే ఉన్నప్పుడు తేల్చుకుని చేసేదేముంది?

ఊళ్ళోవాళ్ళు వీళ్ళను "గోడ మీది పిల్లులు" అని ఏడిపించేవాళ్ళు. వంతెనమ్మ ఊరి గట్టు పిల్ల, ఆయన అవతలి గట్టు పిల్లాడు. ఏ గట్టైతేనేం, అప్పటికి రెండూ ఒకే ప్రభుత్వం కింద ఉండేవి. మామగారు పోయినప్పుడు అవతలి గట్టున, వంతెన కొస ఆనే రాతికట్టు పక్కనే పూడ్చిపెట్టారు. అది ఆయన కోరికే. వంతెన మూసుకున్నాక గొళ్ళెం టక్కున పడే చప్పుడు వినబడకపోతే తనకు నిద్ర పట్టదన్నాడు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం కొడుకు వెళ్ళి గొళ్ళేనికి నూనె వేసి, తండ్రి పక్కన కాసేపు కూర్చుని వచ్చేవాడు.

ఊరి గట్టున వంతెనమ్మకు ఉన్నది అక్క. పేరుమోసిన దర్జీ. ఊళ్ళో సగంమంది చొక్కాలు ఆవిడ చేతిలో పుట్టినవే. ఆ చేతులే ఒకనాడు ఉన్నట్టుండి పడిపోయాయి. మనిషి మంచాన పడింది గానీ నోరు మాత్రం మంచాన పడలేదు. రోజూ పొద్దున్నే వంతెనమ్మ వెళ్ళి అక్కకు ఒళ్ళు కడిగి, తల దువ్వి, గంజి తాగించి వచ్చేది. వేరేవాళ్ళు దువ్వితే ఆవిడకు నచ్చదు. "నా తలను కొబ్బరిపీచు అనుకుంటున్నావా?" అని తిట్టి పంపేది.

ఇలా ఉండగా పెద్దవాళ్ళెవరో ఎక్కడో కూర్చుని సంతకాలు పెట్టుకున్నారు. ఊరు ఇకమీదట పాత దేశానిది కాదు, కొత్త దేశానిది. అవతలి గట్టు మాత్రం పాత దేశానిదే. ఏటి నడిమిగీతే సరిహద్దు. ఫలానా రోజు పగలు పన్నెండింటికి, ఉత్సవంలో సైరన్ మోగగానే ఊరి గట్టున ఉన్నవాళ్ళందరికీ కొత్త దేశం పౌరసత్వం, దాంతోపాటు ఓటు, భూమి, బడి, ఆసుపత్రి, సమస్త హక్కులూ ఇస్తారట. చిలుకకు పంజరం మార్చి, "ఇదిగో నీ ఆకాశం" అన్నట్టు ఎంత దర్జాగా ప్రకటించారో! వంతెన రెండు కొసల్లోనూ గేట్లు పెడతారు. ఈ దేశం వాళ్ళు ఆ దేశంలోకి వెళ్ళాలంటే చీటీ కావాలి. ఆ చీటీ ఏడాదికి ఒకసారి ఇస్తారు, అదీ ఇచ్చేవాడికి మనసైతే.

కొలతల ఆఫీసరు ఇల్లిల్లూ తిరుగుతూ చివరికి వంతెన మీది ఇంటికొచ్చాడు. మంచివాడే. చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు, ఇచ్చిన టీ పూర్తిగా తాగాడు. తర్వాత టేపు తీసి, సుద్దముక్కతో రెండు గదుల నడుమ గుమ్మం మీద ఒక గీత గీశాడు.

"ఏటి నడిమిగీత సరిగ్గా ఇక్కడమ్మా. నిబంధన ఏమిటంటే, సైరన్ మోగే వేళకు ఎవరు నిద్రపోయే మంచం ఎటుంటే వాళ్ళు అటువాళ్ళు. బాబుగారి మంచం ఊరి వైపుంది, ఆయన కొత్త దేశం పౌరుడు. మీ మంచం అవతలి వైపుంది, మీరు పాత దేశం."

ఊరిపిల్ల పరాయిదయింది, అవతలి పిల్లాడు ఊరివాడయ్యాడు. అంతకన్నా ముఖ్యం, మొగుడు ఒక దేశం, పెళ్ళాం ఒక దేశం.

"అదేంటి సార్? ఇవాళ ఓడొస్తే నా మంచం ఇటొచ్చేస్తుంది కదా."

"ఓడలు ఆపేశారమ్మా. ఉత్సవం అయ్యేదాకా వంతెన మీద జనం నడవాలిగా."

"పోనీ నేనెళ్ళి ఆయన మంచం మీద పడుకుంటే?"

"ఇన్నాళ్ళూ ఎక్కడ పడుకున్నారో అదే లెక్క. మార్చుకోవాలంటే తర్వాత అర్జీ పెట్టుకోవచ్చు, ఏళ్ళు పడుతుంది." ఆయన ఇబ్బందిగా ముఖం పెట్టి రెండు మంచాల కాళ్ళకూ సీసపు ముద్రలు వేశాడు. "మంచాలు మాత్రం కదపకండి. కదిపితే నేరం. సైరన్ వేళకు మంచం ఎక్కడుంటే అదే ఖాయం, నాకు చేతనైంది ఇంతే."

ఆయన వెళ్ళాక ఇంటాయన గీత దాటకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఇటు రావడానికి చీటీ కావాలా?" అన్నాడు.

నవ్వించబోయాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆ రాత్రి గురక కూడా వినబడలేదు.

ఉత్సవానికి ముందురోజు కబురొచ్చింది. పాత దేశం అధికారులు జెండా మడిచి చివరి స్టీమరులో వెళ్ళిపోతున్నారు. సైరన్ మోగే సమయానికి స్టీమరు వంతెన దాటుతూ ఉండాలి, కాబట్టి ఆ వేళకు వంతెన తెరిచి ఉంచాలని హుకుం. ఆయన సరేనని తలూపి, పళ్ళచక్రానికి నూనె వేయడానికి కిందికి దిగాడు. వంతెనమ్మ అక్క దగ్గరికి వెళ్ళింది.

తల దువ్వుతూ దువ్వుతూ మగతలోకి జారుకుంది. నీళ్ళు కనిపించాయి. నీళ్ళ మీద ఇల్లు పొడుగ్గా పడుకుని ఉంది. మంచాలు రెండూ ఒకదాని వెనక ఒకటి, బాతుల్లా, ఒకే గట్టు వెంట పోతున్నాయి. సుద్దగీత వాటి కాళ్ళ కిందినుంచి లేచి, ఇల్లు పొడవునా సాగి, ఎదుటి గోడకేసి దూరంగా జరిగింది.

"ఆగిపోయావేంటే? నిద్దరోతున్నావా?" అంది అక్క.

వంతెనమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. దుప్పటి మీద ఒక మడత పొడుగ్గా ఉంది. దానికి అడ్డంగా దువ్వెన పెట్టింది.

"ఈ మడత ఏటి నడిమిగీత అనుకో అక్కా. దువ్వెన మా ఇల్లు. పళ్ళున్న వైపు మంచాల గోడ. ఇలా మూసి ఉన్నప్పుడు సగం పళ్ళు ఇటు, సగం పళ్ళు అటు. నేను అటు, ఆయన ఇటు. కానీ రేపు సైరన్ వేళకు వంతెన తెరిచి ఉంటుంది కదా." దువ్వెనను మెల్లగా తిప్పి మడత పొడవునా పెట్టింది. పళ్ళన్నీ ఒకే వైపుకు వచ్చాయి. "చూడు. ఇద్దరం ఒకేచోట!"

"మంచం కదపొద్దన్నాడు గానీ ఇల్లు కదపొద్దనలేదుగా. ఆఫీసరు పప్పులో కాలేశాడే!" అక్క మొహం వెలిగిపోయింది. మరుక్షణం దువ్వెన వైపు చూసింది. "అది సరే, పళ్ళు అటు తిరిగున్నాయేంటి? నావైపు కాదే?"

అది అప్పుడు చూసింది వంతెనమ్మ. చేతికి అలవాటైన వాటం కుడి. ఇల్లు ఇప్పుడున్న తీరులో కుడికి తిప్పితే మంచాల గోడ అవతలి గట్టు వైపు వెళ్తుంది. ఇద్దరూ కలిసే ఉంటారు, కానీ పాత దేశంలో. అక్కను చూడాలంటే ఏడాదికొక చీటీ.

"ఎడమకు తిప్పితే నావైపు వస్తాయిగా?" అంది అక్క.

"ఎడమకు తిప్పకూడదక్కా. పళ్ళు ఊడిపోతాయని మామయ్య గారి మాట. అదీగాక…" దువ్వెన తీసుకుని మళ్ళీ జుట్టులో పెట్టింది. "ఆయన వాళ్ళ నాన్న అవతలి గట్టునే ఉన్నారు. తండ్రి మాట జవదాటి, ఆ తండ్రినే పరాయి దేశంలో వదిలేసి రమ్మని ఏ నోటితో అడగను?"

అక్క దుప్పటి మీది మడతనే చూస్తూ ఉండిపోయింది.

"అడక్కులే," అంది చివరికి. "రెంటికీ చెడ్డ రేవడి కన్నా, మొగుడైనా దక్కడం మేలు. ఎదురింటి పిల్ల దువ్వుతుందిలే. కొబ్బరిపీచైతే అయింది."

వంతెనమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. దాచుకోలేదు. అక్క కళ్ళు తుడుచుకోలేదు కాబట్టి ఇద్దరి కళ్ళూ తనే తుడిచింది. జడ రెండుసార్లు విప్పి రెండుసార్లు అల్లింది.

మర్నాడు పొద్దెక్కినా పొగమంచు విడవలేదు. గట్లు రెండూ కనబడటం లేదు. ఊరు, అవతలి గట్టు, పాత దేశం, కొత్త దేశం అన్నీ తెల్లగా ఒకటైపోయాయి. కింద మాత్రం పొద్దుటినుంచీ ఒకటే అడుగుల చప్పుడు. మూటలు నెత్తిన పెట్టుకుని ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు. మంచులోంచి రావడం, మంచులోకి పోవడం. తర్వాత ఆ చప్పుడూ ఆగిపోయింది. జవాన్లు వంతెన మీద ఎవరూ లేకుండా ఖాళీ చేయించారు.

ఎగువన స్టీమరు కూసింది.

వంతెనమ్మ కిందికి దిగి కమ్మీ దగ్గర తన చోట నిలబడి, కుడివాటంగా చెయ్యి ఆనించింది. ఆయన రెండు కొసల గొళ్ళేలూ లేపి వచ్చాడు. వచ్చి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడలేదు. కమ్మీకి ఇవతలి పక్కకు వచ్చి, ఆవిడకు ఎదురుగా చేతులు పెట్టాడు.

"అదేంటండీ, అటు నిలబడ్డారు?"

"నువ్వూ ఇటు తిరుగు. ఎడమకు తిప్పుదాం."

వంతెనమ్మ అతని మొహంలోకి చూసింది. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

"మీకెలా తెలుసు?"

"అగ్గిపెట్టెను బల్ల మీద పెట్టి తిప్పి చూసుకున్నా."

"మామయ్య గారి మాట?"

"పళ్ళు ఊడితే ఊడనీ, కట్టించుకుంటా."

"మాట గురించి కాదండీ నేననేది." కమ్మీ మీదినుంచి చెయ్యి తీసింది. "ఆయన అటే ఉండిపోతారు."

ఆయన కాసేపు అవతలి గట్టున్న వైపు చూశాడు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

"నాన్న ఎక్కడికీ పోడే. మీ అక్కకు పొద్దున్నే తల దువ్వాలి."

స్టీమరు మళ్ళీ కూసింది, ఈసారి దగ్గరగా. ఇద్దరూ ఎడమకు తోశారు. కమ్మీ ఏ బరువూ లేకుండా గిర్రున కొంత దూరం తిరిగింది. అయిపోయింది, పళ్ళు ఊడిపోయాయనుకుంది వంతెనమ్మ. అంతలో కింద ఎక్కడో ఖణేల్‌మని ఒక మోత. కమ్మీ బిగుసుకుంది. మళ్ళీ తోశారు. వంతెన కదిలింది. మూలుగు లేదు, గింజుకోవడం లేదు. ఎన్ని తరాలుగానో ఒకే వైపు ఒరుసుకుని అరిగిపోయిన పళ్ళకు రెండో వైపు ఒకటుందని, అది పోతపోసిన నాటిలాగే ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తిప్పి చూస్తే కదా తెలిసేది! వెన్నలో కత్తిలా తిరిగింది వంతెన.

ఏటి పొడవునా వచ్చి ఆగింది. స్టీమరు పొగమంచులోంచి వచ్చింది. పైన అంచు దగ్గర పెద్ద పెద్ద టోపీలవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో మడిచిన జెండా ఉంది, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు కదా. ఒక్కరూ ఊరి వైపు తల తిప్పలేదు. వాళ్ళు సరిగ్గా పక్కనుంచి పోతుండగా సైరన్ మోగింది. పొగమంచులో అది ఎటునుంచి మోగుతోందో తెలియలేదు. అన్ని వైపులనుంచీ మోగింది.

వంతెనమ్మ తల ఎత్తి ఇంటిని చూసింది. మంచాల గోడ ఊరి వైపుంది. పక్కకు చూస్తే మొగుడు కమ్మీ మీద తల ఆన్చుకుని ఉన్నాడు. దగ్గరికెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. ఆయన ఏడుస్తున్నాడు. ఆ సైరన్ ఆగేదాకా చెయ్యి తీయలేదు.

వంతెన మూశాక కొలతల ఆఫీసరు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. మంచాల ముద్రలు చూశాడు. చెక్కుచెదరలేదు. గుమ్మం మీది సుద్దగీత చూశాడు. తల గోక్కున్నాడు.

"గట్టు మీదినుంచి దుర్బిణీ పెట్టి చూశానమ్మా. సైరన్ వేళకు మంచు కాస్త పలచబడింది. రెండు మంచాలూ నడిమిగీతకు ఇవతలే ఉన్నాయి." ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మంచాలు కదిపారా?"

"లేదు సార్," అంది వంతెనమ్మ.

"కదపలేదు. నిజమే." ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "నిబంధన నిబంధనే. ఇద్దరూ కొత్త దేశం పౌరులు. మీకు సమస్త హక్కులూ ఉన్నాయి." జేబురుమాలు తడిపి, తను గీసిన గీతను తనే వంగి తుడిచేశాడు.

ఆ సాయంత్రమే రెండు కొసల్లోనూ గేట్లు పడ్డాయి. వంతెనమ్మ అక్కకు గంజి తాగించి, ఆవిడ తిట్లన్నీ కడుపునిండా తిని ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఆయన లేడు. కిటికీలోంచి చూసింది. అవతలి కొసన, గేటు ఇనుపకమ్మీల ముందు, నూనెడబ్బాతో గొళ్ళెం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంతెన పనివాళ్ళు గొళ్ళెం దాకా రావచ్చు, అంతకుమించి అడుగు వేయకూడదు. కమ్మీలకు అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో మామగారి సమాధి రాయి. ఆయన గొళ్ళేన్ని తుడుస్తున్నాడు, నూనె వేస్తున్నాడు, మళ్ళీ తుడుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

అవతలి దేశం జవాను కాసేపు చూసి దగ్గరికొచ్చాడు. మాటలు గాలికి వంతెన మీదుగా వినబడ్డాయి.

"రెండు చుక్కల నూనెకు ఇంతసేపా పెద్దాయనా?"

"పాత గొళ్ళెం బాబూ. ముందు కాస్త నచ్చజెప్పుకోవాలి."

జవాను గొళ్ళెం వైపు చూశాడు, రాయి వైపు చూశాడు. తుపాకీ ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుని, ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు.

చీకటి పడబోతుండగా ఆయన ఇంటికొచ్చాడు. వంతెనమ్మ టీ ఇచ్చింది. ఇద్దరూ ముందు గదిలో ఆవిడ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఏమన్నారు మామయ్య గారు?"

"పళ్ళు ఊడలేదు కదా అని అడిగాడు."

"మీరేం చెప్పారు?"

"అవతలి పక్క కొత్తవి ఉన్నాయి నాన్నా అని చెప్పా."

వంతెనమ్మ కప్పు కింద పెట్టి, మూలనున్న నూనెడబ్బాను తన వైపుకు లాక్కుంది.

"రేపు నేనెళ్తా. నేనూ ఆయనకో మాట చెప్పుకోవాలి."

"వెళ్ళు," అన్నాడాయన. "మాటల్లో పడి నూనె వేయడం మర్చిపోకు. గొళ్ళెం నిజంగానే పాతది."